లోనింటికి వచ్చిన అన్నలు

"అన్నలొచ్చిండ్రు. అమ్మ బువ్వ పెట్టింది."

నా బిడ్డ ఆ మాట అనంగనే నా చేతిలో చాట ఆగిపోయింది. వాకిట్ల కొత్త మనిషి. లుంగీ కట్టుకున్నడు, కాళ్లకు మాత్రం పోలీసు బూట్లు. మెల్లగ బిడ్డ ముందు గొంతుకూసున్నడు.

"ఎంతమంది బిడ్డా?"

"ఇద్దరు. సంచిల గుండు గూడ ఉండె."

వచ్చింది కోరుట్ల మేస్త్రీలు. గుండంటే గోడ వంకర పోకుండ తాడుకు కట్టి చూసే ఇనుప గుండు. మా దిక్కు పిల్లలు వయసు మగవాళ్లను ఎవరినైనా అన్న అనే పిలుస్తరు. అడవిలో ఉన్న నక్సలైట్లకు కూడా జనం పెట్టిన పేరు అదే. ఆ పోలీసాయనకు అన్న అంటే వాళ్లే, గుండంటే తుపాకి గుండే.

మాది లోనిల్లు, అంటే ఇల్లు లేనోళ్లకు సర్కారు అప్పు మీద కట్టుకొమ్మన్నది. జగిత్యాలలో డిగ్రీ చదివేటప్పుడు ఈ పథకం గొప్పదని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న. పెండ్లయి సిరిసిల్ల దిక్కు వచ్చి చూస్తే, కాలనీకి ఇచ్చింది ఊరి బయట, గంభీరావుపేట రోడ్డు పక్కన రాళ్ల జాగ. పోలీసు జీపుకు మొదలు కనపడేది మేమే. అడవి నుంచి వచ్చేటోళ్లు మొదలు కొట్టేది మా తలుపే. గోడలు లేస్తేనే బిల్లు ఇస్తరు, బిల్లు వస్తేనే గోడలు లేస్తయి. ఆఫీసర్లు జీపు దిగకుండనే "ఇంకా కట్టలేదా?" అని మమ్మల్నే తిట్టి పోయేటోళ్లు.

భయంలో నాకు పరీక్ష రాసిన తెలుగే నోట్లకెళ్లి వచ్చింది. "మీరు పొరపాటు పడుతున్నారు. వారు మేస్త్రీలు."

ఆయన నవ్విండు. "గీ పుస్తకం భాష ఎవలు నేర్పిండ్రే? అన్నలేనా? సర్కారు ఇల్లిస్తె దొంగలకు బువ్వ పెడ్తవా?"

"ఇయ్యలే సారూ, అప్పిచ్చింది."

చాటను బూటుతో తన్నిండు. సాంచెల మీద, అంటే బట్ట నేసే మరమగ్గాల మీద, పని దిగి అప్పుడే వచ్చిన మా ఆయనను, అన్నం తిననియ్యకుండనే, రోడ్డు మీద ఆపిన పోలీసు జీపెక్కించిండ్రు. ఆయన మళ్ల వస్తడా రాడా అని బియ్యం గింజల నడుమ కూసున్న. అట్ల జీపెక్కి పోయి మళ్ల రానోళ్లు కోనరావుపేట దిక్కు ఉన్నరు.

మాపటికి వచ్చిండు, కుంటుకుంట. ఆ ఇద్దరిలో పెద్ద మేస్త్రీ తనంతట తనే ఠాణాకు పోయి గుండు, తాడు చూపించిండట. మా ఆయనకు, మేస్త్రీకి ఇద్దరికీ దెబ్బలు పడ్డయి. గుండు పోలీసులే ఉంచుకున్నరు.

మా ఆయన వెంట వచ్చిన మేస్త్రీ ఇంట్లకు రాలేదు. "అక్కా, ఇగ నేను రాను. మీ ఇంటికొస్తె నేను అన్ననైత," అని బయటనుంచే పోయిండు.

ఇది జరిగి రెండేండ్లాయె. స్లాబు పడలేదు, నెత్తి మీద రేకులే. పైకప్పు లేని ఇంటికి కూడా కిస్తు కట్టుమని మనిషిని పంపుతున్నరు. పిల్లలు పడుకున్నంక ఇది రాసుకుంట, మాటిమాటికి లేచి గొళ్లెం చూసి వస్తున్న.

అప్పుడు, మా ఆయన ఠాణా నుంచి వచ్చిన తెల్లారి, పిల్లలను కూసోబెట్టుకున్న. "ఎవరొచ్చినా అన్న అనొద్దు. మేస్త్రీని మేస్త్రీ అనాలె. అడిగితే మా ఇంటికి ఎవ్వరు రారని చెప్పాలె."

బిడ్డ, తన పక్కన కూసున్న నా పెద్ద పిల్లగాని దిక్కు చూసింది.

"మరి మా అన్ననో?"

"బయట పేరు పెట్టి పిలువు," అని చెప్పిన.