జమ్మి ఆకు ముద్ర

మా గల్లీలో హవాయి చెప్పు తెగితే దాన్ని పారేసే హక్కు మాకు ఉండేది కాదు. మరియకు ఇవ్వాల్సిందే. శేరిగూడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో సర్టిఫికెట్ల మీద స్టాంపు కొట్టడం ఆమె పని. వారమంతా కొట్టింది చాలనట్టు ఆదివారం చర్చి నుంచి రాగానే ఇంటి అరుగు మీద మళ్ళీ అదే పెట్టుకునేది. కాకపోతే ఇవి ఆమె చెక్కుకున్న స్టాంపులు. చెప్పు రబ్బరు మీద బాల్‌పెన్నుతో నక్షత్రమో పువ్వో గీసేది, చుట్టూ ఉన్నదంతా బ్లేడుతో తీసేసేది, వెనక చెక్కముక్క అతికించేది. డ్రాయింగ్ షీటు మడిచి ముద్రలు వేస్తే గ్రీటింగ్ కార్డు. క్రిస్మస్‌కు ఇంటికొకటి వచ్చేది. ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర రంగురంగులవి దొరుకుతాయి కదా అన్నానొకసారి. "గవి ఎవ్వలకన్న ఇయ్యొచ్చు వదినా. గిది నీకోసమే చేసిన" అంది, నాకు బుద్ధి లేదన్నట్టు చూసి.

పోయిన దసరాకు అలాంటి కార్డే ఒకటి ఆమెకు నిద్ర లేకుండా చేసింది.

పక్కింటి సుక్కమ్మ భర్త శివయ్య పోయి రెండో ఏడు నడుస్తోంది. పెద్దదినం కర్మ అయిన మర్నాడు సుక్కమ్మ ఆయన బట్టలు, దుప్పటి, చెప్పులు ఒక సంచిలో కుక్కి మరియ చేతికిచ్చింది. "చెత్తబండిల ఏయి పిల్లా. నా కండ్ల ముంగట ఉండొద్దు." మరియ అన్నీ వేసింది, చెప్పులు తప్ప. రబ్బరు మందంగా, మెత్తగా ఉంది. పారేయడానికి మనసొప్పలేదు.

సంవత్సరీకం అయ్యాక వచ్చిన మొదటి పండుగ దసరా. ఏడాదంతా పండుగ లేని ఇల్లు కదా, సుక్కమ్మకు మంచి కార్డు చేసివ్వాలనుకుంది మరియ. దాచిన చెప్పులు బయటికి తీసింది. మడమల దగ్గర గుంతలు పడి ఉన్నాయి. గుంత పడ్డచోట రంగు సమంగా అంటదు, ముద్ర సరిగ్గా రాదు. ఆ భాగం కోసి చెత్తబండిలో వేసేసింది. మిగిలిన రబ్బరులో అరగని అంచు చూసి చిన్న జమ్మి ఆకు చెక్కింది. జమ్మిని చేతిలో పెట్టేటప్పుడు మేమంతా బంగారమనే అంటాం, అందుకని బంగారు రంగు కలిపింది. స్పాంజితో అద్ది, పాత పేపరు మీద రెండుసార్లు ఒత్తి చూసుకుని, కార్డు మీద ఈనె గీసి దానికి అటూ ఇటూ ఆకులు వేసింది.

దసరా సాయంత్రం సుక్కమ్మ ఆ కార్డు అందుకుని ఏడ్చింది. ఏడుస్తూనే లేచి, దేవుని గూట్లో నరసింహస్వామి పటం ముందర, నిజం జమ్మి ఆకుల పక్కన పెట్టి దండం పెట్టింది.

అప్పుడు తట్టింది మరియకు, అది చెప్పుతో వేసిన ముద్ర అని.

దేవుని దగ్గర చెప్పు. అదీ చనిపోయిన మనిషిది. తన బైబిలు మీద ఎవరైనా చెప్పు పెడితే తాను ఊరుకునేదా? రోజూ పొద్దున సుక్కమ్మ దీపం పెట్టి కార్డుకు మొక్కుతుంటే, గోడ ఇవతల మరియ చాయ్ గ్లాసు పక్కన పెట్టేసేది. సుక్కమ్మ కూర పంపితే కడుపునొప్పి అని తిప్పి పంపింది. నాకు చెప్పి ఏడ్చింది. నా తెలివి తగలెయ్య, ఎవరికి తెలుస్తుందిలే, ఊరుకో అన్నాను.

"దేవునికి తెల్వదా వదినా? ఆమె దేవునికీ ఎరుకే, నా దేవునికీ ఎరుకే."

దీపావళి ముందు ఆదివారం నన్ను వెంటబెట్టుకుని సుక్కమ్మ ఇంటికి వెళ్ళింది. గడప దాటకుండానే ఒక్క గుక్కలో చెప్పేసింది.

"అక్కా, ఆ కార్డు తీసెయ్యి. ఆ ఆకు నేను చెప్పుతోని చేసిన. శివయ్య బావ చెప్పు. నువ్ దేవుని కాడ వెట్టుకున్నవ్. పాపం నాదే. తిట్టు, కొట్టు, ఏమన్న చెయ్యి."

సుక్కమ్మ తిట్టలేదు. గూట్లో కార్డు వంక ఒకసారి చూసి అడిగింది.

"పారెయ్యలేదా నువ్వు?"

"లేదక్కా."

"ఉన్నయా?" సుక్కమ్మ ముందుకొచ్చి మరియ చెయ్యి పట్టుకుంది. "ఒక్కటి సుత ఉంచుకోకుండ అన్నీ పారెయ్యమంటి. తర్వాత ఎంత ఏడ్చిననో నీకెరుక లేదు పిల్లా. మడమ కాడ ఆయన కాలు గుంత పడ్డది ఉంటది సూడు, గది పట్టుకరా. జర చెయ్యి పెట్టి సూసుకుంట."

మరియ నా వైపు తిరిగింది. ఆ గల్లీలో ఏ గోడ వెనకైనా దాక్కోవాలనిపించింది నాకే. చివరికి మరియ కొంగు ముడి విప్పి, ఒప్పుకోవడానికి తెచ్చుకున్న జమ్మి ఆకు స్టాంపు ముందుకు చాపింది.

"గిదొక్కటే ఉన్నదక్కా. మడమల ముక్కలు... ముద్రకు పనికిరావని బండిల ఏసిన."

సుక్కమ్మ వేలెడంత రబ్బరు ముక్కను రెండు చేతులా తీసుకుని కళ్ళకద్దుకుంది.

కార్డు ఇప్పటికీ ఆ గూట్లోనే ఉంది. స్టాంపు శివయ్య ఫోటో దగ్గరికి చేరింది. సుక్కమ్మ మరియతో మునుపటిలాగే ఉంటుంది, కూర పంపుతుంది, పిల్లా అని పిలుస్తుంది. మరియ మాత్రం బ్లేడు మళ్ళీ పట్టలేదు. పొద్దున చెత్తబండి గల్లీలోకి వస్తే, లోపలికి వెళ్ళి తలుపేసుకుంటుంది.