చెరువులో ఉండిపోయిన విసుర్రాయి

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు. పెన్‌పహాడ్ దగ్గరి ఊరికి కాపురానికి వచ్చి నాకు ఆరు నెలలు కూడా నిండలేదు. మాది చేపలు పట్టే ఇల్లు. చెరువులో తూము దగ్గర లోతెక్కువ. అక్కడ గాలాలు వేయాలంటే పుట్టి పడవ కదలకుండా లంగరు రాయి కావాలి. మా రాయి ఒకరోజు తాడు తెగి మునిగిపోయింది. మర్నాడు పొద్దున మా ఆయన, అత్తకు చెప్పకుండా, విసుర్రాయి పైరాయిని ఎత్తుకొచ్చి దాని కంతలోంచి తాడు కట్టాడు.

"పొద్దుగూకక ముందే ఆడనే పెడత. అమ్మకు తెల్వది" అని నవ్వాడు.

మధ్యాహ్నం మేమిద్దరం తూము దగ్గర పుట్టిలో ఉండగా గాలి లేచింది. ఒడ్డుకు పోదామని తాడు లాగితే రాయి అడుగున బండల్లో ఇరుక్కుంది. పుట్టిలోకి నీళ్లు కొడుతున్నాయి. ఆయన తాడు కోయడానికి కత్తి తీశాడు.

"కొయ్యకు! రాయి పోతే అత్త నన్ను ఇంట్లకు రానియ్యది" అన్నాను.

ఆయన కత్తిని నా చేతిలో పెట్టి, "జర ఆగు, తీస్కస్త" అని తాడు పట్టుకుని మునిగాడు. తాడు రెండుసార్లు కదిలింది. మళ్లీ కదలలేదు.

నా కేకలు విని ఊరివాళ్లు ఈదుకొచ్చి ఆయన శవాన్ని తీశారు. రాయిని ఎవరూ తీయలేదు.

కిందిరాయి మా వసారాలో అలాగే ఉండేది. అత్త బతికినన్నాళ్లూ పక్కింటికి పోయి జొన్నలు విసురుకొచ్చింది. పైరాయి ఏదని నన్ను ఒక్కనాడూ అడగలేదు. అడిగి, తిట్టి, ఇంట్లోంచి వెళ్లగొట్టినా బాగుండేది.