డోరతీ గారికి నేను చేసిన సన్మానం

సన్మానం చేయబోయి ఒక పెద్దావిడ పరువు తీయడం అందరికీ చేతకాదు. నాకు చేతనైంది. అదీ షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో, మా అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో, నిండు సభలో. పదేళ్లు దాటిపోయినా ఎవరి భుజం మీదైనా శాలువా కనిపిస్తే నాకు ఇప్పటికీ చెమటలు పడతాయి.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. పెళ్లై అమెరికా వచ్చాక అదే మొదటి చలికాలం. మా ఆయన మురళి కన్సల్టెంట్. సోమవారం పొద్దున్నే సూట్‌కేస్ లాక్కుంటూ ఎయిర్‌పోర్ట్‌కి పోయేవాడు, గురువారం తిరిగొచ్చేవాడు. నా వీసా మీద ఉద్యోగం చేయకూడదు. డ్రైవింగ్ రాదు. కిటికీలోంచి చూస్తే పార్కింగ్ లాట్, మంచు, మంచు కింద కార్లు. మధ్యాహ్నమయ్యేసరికి ఇండియాలో అందరూ పడుకునేవారు. ఆ తర్వాత నాతో మాట్లాడేది మైక్రోవేవ్ ఒక్కటే. అది బీప్ అంటే "వస్తున్నా తల్లీ" అనేదాన్ని. నవ్వకండి. వారం మొత్తం మీద నన్ను అంత శ్రద్ధగా పిలిచే ప్రాణి ఇంకొకటి లేదు.

అలాంటి రోజుల్లో లాండ్రీ రూమ్‌లో డోరతీ పరిచయమైంది. మా ఎదురు ఫ్లాట్‌లో ఒక్కతే ఉండేది. ఎనభై దాటాయి. డ్రయ్యర్‌లోంచి దుప్పట్లు తీయడానికి కూడా లిప్‌స్టిక్ వేసుకుని వచ్చింది.

"ఆంటీ, హెల్ప్ చేయనా?" అన్నాను.

"నేనెవరికీ ఆంటీని కాదు. నా పేరు డోరతీ."

అంత పెద్దావిడను ఉత్త పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాదు కదా! మర్నాటి నుంచి "డోరతీ గారూ" అన్నాను. అదేదో ముద్దుపేరు అనుకుని ఊరుకుంది.

ఇక రోజూ సాయంత్రం మా ఇంట్లో టీ. ఆవిడ వయసులో ఉన్నప్పుడు టీవీలో నటించిందట. టీవీ అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్న కాలం. షికాగో స్టూడియోలో నాటకం ఆడుతుంటే అదే క్షణాన ఇళ్లలో కనిపించేదట. డైలాగ్ మరిచిపోతే జనమంతా చూడాల్సిందే. సినిమా తారలు టీవీ పేరెత్తితే ముక్కు చిట్లించేవారట, సినిమాలు తగ్గిపోయేదాకా. ఎవరికి ఏ పాత్ర ఇవ్వాలో డైరెక్టర్ కంటే డబ్బు పెట్టే సబ్బుల కంపెనీవాళ్లే ఎక్కువ తేల్చేవారట.

"ఒక నాటకంలో భార్య పాత్ర నాది. వారమంతా రిహార్సల్ చేశాను. మెట్లు దిగుతూ మొగుణ్ని నిలదీసే సీను..."

"వావ్! ఒకసారి చేసి చూపించండి!"

"ఇక్కడ మెట్లెక్కడున్నాయి? విను. శుక్రవారం ఏమైందంటే..."

"గౌను ఏ రంగు?"

"బ్లాక్ అండ్ వైట్‌లో ఏ రంగైతేనేం పిల్లా! శుక్రవారం..."

"అయ్యో, టీ పొంగిపోతోంది, ఉండండి!"

మీరు గమనించే ఉంటారు. ఆ శుక్రవారం ఏమైందో నేను విననే లేదు. నాలుగు రోజుల మాటలు గొంతులో కుక్కుకుని కూర్చున్నదాన్ని. ఎదుటి మనిషి ఊపిరి తీసుకుంటే చాలు, సిటీ బస్సులో సీటు దొరికినట్టు ఆ సందులోకి దూరిపోయేదాన్ని.

ఒకరోజు ఆవిడ చెప్పిన పేరు పెట్టి ఇంటర్నెట్‌లో వెతికితే ఆ నాటకం దొరికింది. ఎవరో టీవీ తెరనే ఫిల్ముకెక్కించిన పాత కాపీ. పేర్లు వచ్చే ముక్క తెగిపోయింది. అయితేనేం? సన్నటి ముక్కు, పైకెత్తిన గడ్డం, మెట్ల మీద మహారాణిలా ఒక అందగత్తె. ముమ్మాటికీ మా డోరతీ గారే! వెంటనే మురళికి ఫోన్ కొట్టాను.

"మన ఎదురింటావిడ పెద్ద స్టార్, తెలుసా? సన్మానం చేద్దాం. క్లబ్‌హౌస్ బుక్ చేసేయి."

"ఆవిణ్ని అడిగావా?"

"అడిగితే సర్‌ప్రైజ్ ఎలా అవుతుంది?"

"పోనీ, ఆ వీడియో ముందు ఒకసారి చూపించి..."

"నీకు మీటింగ్ లేదూ?" అని పెట్టేశాను.

ఆదివారం మధ్యాహ్నం క్లబ్‌హౌస్ నిండిపోయింది. చలికాలంలో ముసలివాళ్లకు మాత్రం వేరే పనేముంది? పైగా సమోసాలు. కేకు మీద "మన తార" అని ఇంగ్లీషులో రాయించాను. లాండ్రీ మెషీన్ల గురించి మీటింగ్ అని అబద్ధం చెప్పి డోరతీ గారిని తీసుకొచ్చి, కళ్లు మిటకరిస్తున్న మనిషి భుజాల మీద మా అమ్మ పంపిన పట్టు శాలువా కప్పేసి, రెండో వరసలో కూర్చోబెట్టాను. ఆవిడ నోరు తెరిచేలోపు మురళి లైట్లు తీసి వీడియో పెట్టాడు.

తెర మీద తలుపు తెరుచుకుంది. అందగత్తె లోపలికొచ్చింది. మెట్లెక్కింది, దిగింది, మొగుణ్ని నిలదీసింది. నేను పక్కన నిలబడి కామెంటరీ. "చూడండి ఆ చూపు! ఈ పాత్ర ఇంకెవరైనా ఇలా చేయగలరా?"

మొదటి వరసలో వాల్టర్ అనే పెద్దాయన ఉన్నాడు. చెవులు సరిగా వినపడవు, గొంతు మాత్రం మైకు. "నాకు ఈ నటి తెలుసు. పెద్ద సినిమా స్టార్. చనిపోయి చాలా ఏళ్లయింది!" అన్నాడు.

"చనిపోవడమేంటండీ!" అని నేను ఆయన కంటే గట్టిగా అరిచాను. "మీ వెనకాలే కూర్చుని ఉంది, చూసుకోండి!"

వాల్టర్ వెనక్కి తిరిగాడు. శాలువా కప్పుకుని, చీకట్లో, తెల్లబోయిన మొహంతో డోరతీ. ఆయన చేతిలో సమోసా జారి కింద పడింది.

"ఆపండి," అంది డోరతీ, లేచి నిలబడి. "అది నేను కాదు. నా పాత్ర కొట్టేసిన మనిషి."

శుక్రవారం ఏమైందో నాకు అప్పుడు తెలిసింది, క్లబ్‌హౌస్ మొత్తంతో పాటు. సినిమాలు తగ్గిన ఆ తార టీవీలో చేయడానికి ఒప్పుకుందట. సబ్బుల కంపెనీకి పేరున్న మొహం కావాలి. డోరతీని పిలిచి, పనిమనిషి వేషం ఇచ్చారు.

"వెనక్కి తిప్పండి. తలుపు దగ్గర. అదిగో, తలుపు పట్టుకున్న మోచేయి ఉందే, అది నేను."

ఎవరో పాపం మర్యాదకు చప్పట్లు మొదలుపెట్టారు. అందరూ అందుకున్నారు. ఒక మోచేతికి అన్ని చప్పట్లు పడడం నేనెక్కడా చూడలేదు. డోరతీ మాత్రం శాలువా నేల మీద ఈడ్చుకుంటూ వెళ్లిపోయింది.

సోమవారం మురళి ఊరెళ్లాడు. సాయంత్రం ఎదురింటి తలుపు కొట్టాను. తీయలేదు. మంగళవారమూ తీయలేదు. లోపల అడుగుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. రెండు కప్పుల టీ పెట్టుకుని రెండూ నేనే తాగాను. మైక్రోవేవ్ పిలిచినా పలకలేదు. ఉన్న ఒక్క మనిషినీ నా నోటితోనే పోగొట్టుకున్నానని ఏడ్చాను.

బుధవారం తలుపు తెరుచుకుంది. లిప్‌స్టిక్ లేదు. తలుపు పట్టుకునే అడిగింది.

"ఆ నాటకం నేను మొన్నటిదాకా చూడలేదు. ఆవిడ బాగా చేసిందా?"

"అబ్బే, ఏం బాగా..."

"అబద్ధమాడకు."

"బాగా చేసింది, డోరతీ గారూ."

"నాకంటే బాగా చేసింది," అంది. "అరవై ఏళ్లు ఆవిణ్ని తిట్టుకుంటూ సాయంత్రాలు గడిపాను. నువ్వొచ్చి అదీ లేకుండా చేశావు. ఇప్పుడు నేనేం చేయను?"

జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని నిలబడ్డాను. అది చూసి ఆవిడకు జాలేసినట్టుంది. "టీ ఉందా?" అంది.

మేం మా ఇంట్లో టీ తాగుతుండగా కాలింగ్ బెల్ మోగింది. వాల్టర్. కోటు, టై, చేతిలో పెన్ను, పాత సినిమా పత్రిక. దాని అట్ట మీద ఆ తార. క్లబ్‌హౌస్‌లో డోరతీ చెప్పిందేదీ ఆయన చెవిన పడలేదు.

"మేడమ్, మీరు పోయారని చాలా బాధపడ్డాను. ఒక్క ఆటోగ్రాఫ్."

నిజం చెప్పబోయాను. డోరతీ పక్కకొచ్చి నా కాలు తొక్కి పెన్ను అందుకుంది. ఆ తార పేరు, మెలికలతో సహా, ఒక్క ఊపులో రాసేసింది. ఆయన దాన్ని కళ్లకద్దుకున్నంత పని చేసి వెళ్లాడు.

"అంత బాగా ఎలా రాశారు?" అన్నాను, ఆయన వెళ్లాక.

"నా పాత్ర పోయిన రోజున, కనీసం సంతకమైనా చేయించుకుందామని ఆవిడ దగ్గరికి వెళ్లానమ్మా. తిట్టుకున్నప్పుడల్లా దాన్నే చూసేదాన్ని," అంది డోరతీ. "ఎంతైనా స్టార్ కదా!"

అందుచేత, నా ఎదుట ఉన్న ఈ టీ కప్పు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎదుటివాళ్లు శుక్రవారం కథ మొదలుపెడితే శనివారం తెల్లవారినా సరే, అది పూర్తయ్యేదాకా నోరు తెరవను. బతికున్న వాళ్లకు శాలువా కప్పే ముందు వాళ్లు ఎవరో వాళ్లనే అడిగి తెలుసుకుంటాను.