గిటార్ పెట్టెకు మూడో పిన్ను

"నా మైకులో కరెంటు లేదు తంబీ. మీరు స్టేజీ ఎక్కేదానికి ముందర నేనే దాన్ని పట్టుకోని హలో హలో అని అరిచినా. నా కాళ్ళకూ చెప్పుల్లేవు. నన్నెందుకు పట్టలేదు?"

"నిన్ను పట్టలేదంటే నన్నూ పట్టలేదనా? మరి ఈ కట్టేంది, అలంకారానికి వేసుకున్నానా?"

"అట్లా అనలేదప్పా. ఎర్త్ కడ్డీ పాతి, దానికి బిందెడు నీళ్ళు పోసి మైకుసెట్టు కట్టినా. నీ పెట్టె ప్లగ్గు మాత్రం చూడలేదు. చూడకపోయింది నా తప్పే. ఒకసారి చూపించు. దానికి ఎర్త్ ఉందా?"

"ఎర్తో గిర్తో నాకేం తెలుసన్నా? ఊరూరా తిరిగింది ఆ పెట్టె, ఎవర్నీ కరవలేదు. నీ వైర్లు చూసుకో పో. అంతా అతుకులే. మా అవ్వ చీరకు కూడా అన్ని అతుకులు లేవు."

నా మనవడు సీనా మాటకు వాకిట్లో నిలబడినవాళ్ళు నవ్వినారు. నేను నవ్వలేదు. గడప మీద నిలబడి ఉండాను. నా వెనక, నా మంచం కింద, ఆ పెట్టె ఉంది.

"దీపం పెట్టినాము గోవిందూ," అన్నాను. "దీపం పెట్టినాంక ఇంట్లో వస్తువు గడప దాటించము. పొద్దున రా."

"దాటించొద్దు అవ్వా. లోపలికొచ్చి చూసి, ఉన్నచోటనే పెట్టేస్తా."

"పొద్దున అంటిని కదా."

ఆయన తలకాయ ఊపి పోయినాడు. నా మాటంటే ఆయనకు మర్యాద.

ఆ ఒక్క మాట అన్నప్పటి నుంచి నా తలమీద బరువు ఉంది. గడ్డిమోపు ఎత్తుకున్న ఆడదాన్ని అడగండి, చెప్తుంది. మోపు ఎత్తడానికి ఇంకొకరు చేయి వేయాల, దించడానికీ ఇంకొకరు చేయి వేయాల. నాది నేనే ఎత్తుకున్నాను. దించేవాళ్ళు దొరకలేదు. సీనాకు అప్పుడు మీసం సరిగ్గా రాలేదు, ఇప్పుడు వాని కొడుకు బడికి పోతాడు. అన్నేండ్లు అయింది.

మీరెవరో నాకు తెలీదు. తెలీకపోవడమే మేలనుకుంటాను. నేను పుట్టింది కుప్పం పక్క ఒక పల్లెలో. అక్కడ మూడో తరగతి దాకా చదివినాను, ఆ తెలుగక్షరాలు ఇంకా చేతిలో ఉండాయి. ఇచ్చింది ధర్మపురి పక్కకు, ఈ సోగత్తూరుకు. ఈ ఇంట్లో అందరమూ మాట్లాడేది తెలుగే, చదివేది మాత్రం అరవం. నేను రాసింది ఇక్కడ ఎవరూ చదవలేరు. అందుకేనా ఇంత ధైర్యంగా రాస్తున్నాను? అవును, అందుకే. దాన్ని ధైర్యం అనొచ్చునా? నాకు తెలీదు.

సీనా నా పెద్దకొడుకు కొడుకు. కొడుకూ కోడలూ బెంగళూరులో కట్టడం పనికి పోతే వాడు నా దగ్గర పెరిగినాడు. నా మొగుడు పోయినప్పుడు మెట్టచేను అమ్మేయమన్నారు అందరూ. అమ్మలేదు. రాగిసంగటి తిని, చింపిన చీర కుట్టుకోని, ఉప్పు కూడా చూసి వేసుకోని నిలబెట్టుకున్నాను. ఊర్లో నన్ను పిసినారి అంటారు. అననీ అనుకునేదాన్ని. లోపల లోపల అది నాకు పట్టుచీర కట్టినంత గొప్పగా ఉండేది. చదువు లేదు, అందం లేదు, మంచి మాట రాదు. నాకంటూ ఉన్నది ఆ పొదుపు ఒక్కటే.

సీనా గిటార్ నేర్చుకున్నాడు. కాలేజీకి పోయే కాలంలో ఒక ఆర్కెస్ట్రాలో చేరినాడు. పెండ్లి రిసెప్షన్లు, జాతరలు. గిటార్‌కు ఒక పెట్టె కావాలంటాడు. తీగె మీటితే ఆ శబ్దాన్ని పెద్దది చేసి వినిపించే పెట్టె, ఆంప్ అంటారు. వాడు అడిగింది పెద్దది, లోపల బల్బుల మాదిరి ట్యూబులు వెలిగేది. ధర్మపురి బస్టాండు పక్కన పాత సామాన్ల అంగడికి నేనే వెంట పోయినాను. అంగడాయన చిన్నదొకటి తీసి, "ఇది ట్రాన్సిస్టరుదవ్వా, ట్యూబులు పగిలే పని లేదు, కిందపడినా పాడవదు" అన్నాడు. ఎత్తి చూసినాను. సంగటి కుండంత బరువు. రేటు తక్కువ, బరువు తక్కువ, కరెంటు తక్కువ. నా మనసుకు నచ్చింది. సీనా మొహం చిన్నబోయింది. చూసీ చూడనట్టు ఉన్నాను. బస్సులో లగేజి టికెట్టు అడగకుండా పైన తువ్వాలు కప్పి ఒడిలో పెట్టుకోమని కూడా నేనే నేర్పించినాను.

మహేంద్రమంగళంలో మొదటి కచ్చేరి. ఆర్కెస్ట్రా పెద్దాయన పెట్టెను చూసి, "ఇదేంది తంబీ, టిఫిన్ క్యారియరా? అడుగు గిన్నెలో సాంబారుందా?" అన్నాడంట. డ్రమ్సు కొట్టేవాడు రెండు దెబ్బలు వేస్తే సీనా గిటార్ ఎక్కడుందో తెలిసేది కాదంట. వాల్యూము ఎక్కువ తిప్పితే ఆవాలు చిటపటమన్నట్టు గోల. అప్పుడు గోవిందే ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, పెట్టెను దానిమీద ఎక్కించి, ముందర ఒక మైకు నిలబెట్టినాడు. "చిన్నదని ఏడవొద్దు తంబీ. దాని గొంతు బాగుంది. అరిచే పని నా హారన్లది" అన్నాడంట. ఆ రోజు నుంచి ఎక్కడ కచ్చేరి అయినా సీనా పెట్టెకు ఒక మైకు ఆయన విడిగా ఎత్తిపెట్టేవాడు. దానికి ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. ఇదంతా సీనా నాకు సంతోషంగా చెప్పినాడు. ఆ కాలంలో వాడు నాతో చాలా మాట్లాడేవాడు.

ఇప్పుడు ప్లగ్గు సంగతి.

పెట్టెకు వచ్చిన ప్లగ్గుకు మూడు పిన్నులు. మా ఇంట్లో సీనా వాయించే గదిలో ఉండేది పాతకాలపు బోర్డు, రెండు బొక్కలది. బోర్డు మార్పించు అవ్వా అన్నాడు వాడు. ఎలక్ట్రీషియన్ను పిలవాల, వైరు లాగాల. ఎందుకంట? పాడైపోయిన టేబుల్ ఫ్యాను ఒకటి అటక మీద ఉంది. దాని రెండు పిన్నుల ప్లగ్గు ఊడదీసి పెట్టెకు వేసినాను. పెట్టెది గట్టి ప్లగ్గు, మంచి ఇత్తడి పిన్నులు. దాన్ని నా గ్రైండరుకు వేసుకున్నాను, గ్రైండరుది అప్పుడే కాలి నల్లబడింది. ఒక ప్లగ్గు కూడా కొనకుండా రెండు పనులు అయినాయి. పెట్టె వైరులో పచ్చ తీగె ఒకటి మిగిలింది. దాన్ని కత్తిరించి నల్ల టేపు చుట్టినాను.

ఆ పచ్చ తీగె ఏమిటో నాకు తెలీదా?

తెలుసు. ఇక్కడే నేను ఇన్నేండ్లు నన్ను నేను మోసం చేసుకుంటా వచ్చింది. చదువు లేని ముసల్ది, కరెంటు గురించి దానికేం తెలుసు అని ఎవరైనా అంటారు, నేనూ అట్లానే అనుకోవాలని చూసినాను. కానీ నా మొగుడు బావి మోటారుకు ఉప్పూ బొగ్గూ వేసి ఎర్త్ గుంత తవ్వినప్పుడు మట్టి ఎత్తిపోసింది నేను. "ఎర్త్ లేకుండా మోటారు ముట్టొద్దే" అని ఆయన నన్ను తిట్టిన తిట్లు ఇంకా చెవిలో ఉండాయి. ఫ్యూజు వేయడం, ప్లగ్గు మార్చడం ఆయన దగ్గర నేర్చుకున్నవే. మోటారు పెద్దది, ఇది చిన్న పెట్టె, దీనికేమవుతుంది అనుకున్నాను.

సీనా రెండు పిన్నులు చూసి సంతోషపడినాడు. "ఇప్పుడు ఎక్కడైనా దూరుతుందవ్వా" అన్నాడు. ఆ దినం నుంచి పెట్టె గుయ్‌మనేది. తీగెల మీద చేయి పెడితే ఆ శబ్దం తగ్గిపోయేది. వానికి అదొక వింత. ఒకసారి తడిగుడ్డతో పెట్టె తుడుస్తా ఉంటే, దాని ఇనుప అంచు దగ్గర వేళ్ళకు చీమ కుట్టినట్టు అయింది. మళ్ళీ ముట్టి చూసినాను. మళ్ళీ కుట్టింది.

అప్పుడు ప్లగ్గు మార్చి ఉండొచ్చు. ఎంతసేపు పడుతుంది? మార్చలేదు. "రబ్బరు చెప్పులు వేసుకోని వాయించు" అన్నాను. అంతే అన్నాను. ఎందుకో చెప్పలేదు. చెప్తే ప్లగ్గు కొనాల, బోర్డు మార్పించాల.

పాపారపట్టిలో అమ్మవారి జాతర. స్టేజీ గుడి ముందర. అమ్మవారి ముందర ఎవరూ చెప్పులతో ఎక్కరు, వీడూ విడిచి ఎక్కినాడు. సాయంత్రం వాన తుంపర పడి స్టేజీ తడిగా ఉండిందంట. నేను అక్కడ లేను, పోయినవాళ్ళు చెప్పింది ఇది. రెండో పాటలో వెనక గొంతు కలపడానికి వాడు వంగి మైకుకు మూతి దగ్గర పెట్టినాడు. చేతిలో గిటార్ తీగెలు. పెదవి మైకుకు తగిలిందో లేదో, ఎవరో ఎత్తి విసిరినట్టు వెనక్కి పోయి స్టేజీ మీద నుంచి కిందపడినాడు. ప్రాణం పోలేదు. ఎడమ మణికట్టు విరిగింది.

నా పెట్టెలోని కరెంటు తీగెల్లోకి వచ్చి కాచుకోని ఉంది. గోవిందు కడ్డీ పాతి నీళ్ళు పోసి సరిగ్గా ఎర్త్ చేసినాడు కాబట్టి, ఆయన మైకు గుండా దానికి దోవ దొరికింది. ఆయన పని ఒళ్ళు దాచుకోకుండా చేసినాడు. నేను చేయలేదు. ఆయన వాకిట్లో ఎర్త్ అన్న మాట అనంగానే నాకు అంతా తెలిసిపోయింది.

మరి ఎందుకు చెప్పలేదు? ఊరు నవ్వుతుందనా? కొంత అదే. పిసినారి ముసల్ది ఒక ప్లగ్గుకు చూసుకోని మనవణ్ణి చంపబోయింది అంటారు. అది నిజం. కానీ దానికంటే పెద్ద భయం సీనా. వాడు నావైపు తిరిగి "నువ్వా అవ్వా?" అంటే నేనేం చెప్పేది? నా పొదుపుతోనే వాణ్ణి పెంచినాను అని గొప్పగా ఉండేదాన్ని. ఆ పొదుపే వాని చేయి విరిచింది అని నా నోటితో నేను ఎట్లా చెప్పేది?

వాని మణికట్టు అతుక్కుంది, కానీ తిరగదు. గిటార్ మెడ చుట్టూ వేళ్ళు వంగవు. కొన్నాళ్ళు చూసినాడు, తర్వాత గిటార్ ఎవరికో ఇచ్చేసినాడు. ఇప్పుడు ధర్మపురిలో ఒక అంగట్లో లెక్కలు రాస్తాడు. పెండ్లాం, కొడుకు, అందరమూ ఒకే ఇంట్లోనే ఉండాము. "తిన్నావా అవ్వా", "మాత్ర వేసుకున్నావా అవ్వా" అని అడుగుతాడు. అంతకు మించి మాట రాదు. ఇంటినిండా మనుషులు ఉండంగా నేను ఒక్కదాన్నే ఉన్నట్టు ఉంటుంది. పెట్టె ఇంకా నా మంచం కిందనే ఉంది. అంగడాయన చెప్పింది నిజం. అది పాడవలేదు.

గోవిందును తర్వాత ఎవరూ పిలవలేదు. కరెంటు కొట్టే సెట్టు అని పేరు పడింది. హారన్లు అమ్మేసి కట్టడం పనికి పోయినాడు, ఇటుకలు మోస్తాడు. ఒకసారి వీధిలో కనబడితే, మీ ఇంట్లో లైటు వెలగడం లేదంట కదా, నువ్వే చూసుకోరాదా అన్నాను. "నా చేతిమీద నాకే నమ్మకం పోయిందవ్వా. ఎక్కడ తప్పు చేసినానో ఇప్పటికీ తెలీలేదు" అన్నాడు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు కదా? వీధిలో ఎవరూ లేరు. ఆయనా నేనే. నోరు తెరిచినాను. "బాగుండు నాయనా" అన్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమిస్తే ఆయన హారన్లు తిరిగి వస్తాయా, వీని మణికట్టు తిరుగుతుందా? ఆయన్నే అడగాల. అడుగుతానా? రేపు అడుగుతాను అని రాయబోయి ఆపినాను. ఆ పొద్దున, రేపు అనే మాటలతోనే కదా ఇంతదూరం వచ్చింది. ఊరికే చెప్తున్నాను, చెప్పడానికే. రాస్తా ఉంటే మెడ కొంచెం తేలికైంది, అది కూడా దాచకుండా చెప్తున్నాను.

ఒకటి మిగిలింది. వాకిట్లో ఆయన్ని పొద్దున రమ్మన్నాను కదా. ఆ పొద్దున ఏం జరిగిందో చెప్పాల.

కోడి కూయక ముందే లేచినాను. గ్రైండరుకు వేసిన ప్లగ్గు ఊడదీసినాను. పెట్టె వైరు కొసన కొత్తగా తోలు ఒలిచి, పచ్చ తీగెతో కలిపి మూడూ మూడు పిన్నులకు గట్టిగా బిగించినాను. ఫ్యాను ప్లగ్గు పొయ్యిలో వేసినాను.

ఎండ రాకముందే గోవిందు వచ్చినాడు. పెట్టెను నేనే అరుగు మీదికి తెచ్చి పెట్టినాను. ఆయన జేబులోంచి టెస్టరు తీసి ప్లగ్గు విప్పినాడు. పచ్చ తీగెను రెండు వేళ్ళతో లాగి చూసినాడు, రాలేదు. చాలాసేపు దాన్నే చూస్తా కూర్చున్నాడు. మళ్ళీ స్క్రూలు ఒకటొకటి బిగించి లేచి నిలబడినాడు.

"నీ పెట్టెలో ఏమీ లేదవ్వా. నా వైరులోనే ఏదో ఉండింది. బిడ్డ చేయి పోయింది నావల్ల. మన్నించు" అని చేతులు జోడించినాడు.

సీనా కట్టు చేతితో వాకిలి దగ్గర నిలబడి ఉండాడు. వాడు ప్లగ్గు పిన్నులు చూసినాడు. లోపల ప్లగ్గు లేకుండా వేలాడే గ్రైండరు వైరు చూసినాడు. నన్ను చూసినాడు.

"ఆయనకు కాఫీ ఇవ్వు అవ్వా," అని లోపలికి పోయినాడు.

ఇచ్చినాను. గోవిందు తాగి, లోటా కడిగి అరుగు మీద బోర్లించి పోయినాడు.