ముళ్లకంపకు అవతల మా సైన్సు మేడం

మా సైన్సు మేడం పోయారు. పోయిన మంగళవారం పొద్దున, ఆసుపత్రి వార్డులో నర్సింగు ట్రైనింగులో ఉండగా, పాత తరగతి గ్రూపులో ఆ మాట చూశాను. నిద్రలోనే గుండె ఆగిందట. దాని కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నాకు బొమ్మ పెట్టి ఊరుకోబుద్ధి కాలేదు. ఆవిడ గురించి నాకు తెలిసింది మీకు చెప్పాలనిపించింది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా కరోనాకు బడులు మూశారు. మాది వాకాడు దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. ఇల్లంతా ఒకే గది, ఇంటికంతా ఒకే ఫోను. నాన్న దాన్ని చేపల వేటకు తీసుకుపోతే ఆ రోజు పాఠం లేదు. ఒడ్డున ఉంటే చెల్లెలికీ నాకూ ఒకే వేళకు క్లాసు. సిగ్నలు తుఫాను షెల్టరు మేడ మీద బాగా అందేది కానీ, ఎండకు అక్కడ తెర కనపడదు. ఇంట్లో కూర్చుంటే మేడం గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చేది. ఊరి మొదట్లో పెద్దలు ముళ్లకంప అడ్డం వేయించారు. ఎవరూ రాకూడదు, ఎవరూ పోకూడదు.

మేడం దగ్గర్లోని కోట అనే ఊళ్లో ఉండేవారు. బడిలో ఎంతో ధీమాగా ఉండే మనిషి, ఫోనులో మాత్రం మాటిమాటికీ అడిగేవారు. "వినపడతా ఉందా? ఒకరన్నా పలకండిరా. గోడకు చెప్తా ఉన్నట్టుండాది నాకు." మా మైకులన్నీ ఆపేసి ఉండేవి. ఆవిడ ఎదుట ఉన్నవన్నీ నల్లటి గళ్లే. హాజరు పలికి, ఫోను పక్కన పడేసి పోయేవాళ్లు ఉన్నారని ఆవిడకూ తెలుసు.

ఒకరోజు ఆవిడకు ఓపిక నశించింది. "ముఖాలు చూపించండి. కెమెరా పెట్టకపోతే ఆబ్సెంటు వేస్తా" అని నా పేరు రెండుసార్లు పిలిచారు. భయపడి నొక్కాను. నా వెనక అమ్మ, అప్పుడే స్నానం చేసి వచ్చి చీర చుట్టుకుంటోంది. నేను ఆపేలోపే క్లాసులో ఎవరో తెరను ఫొటో తీశారు. సాయంత్రానికి అది పల్లెలో ఫోన్లన్నీ తిరిగింది.

అమ్మ నన్ను కొట్టలేదు. ఫోను బియ్యం డబ్బాలో పెట్టి, "ఇంక చాలు" అంది. రెండు రోజులకు నన్ను తనతో పాటు పల్లె చివర రొయ్యల తలలు తీసే షెడ్డుకు తీసుకుపోయింది. ఐసు నీళ్లలో వేళ్లు మొద్దుబారిపోయేవి. షెడ్డుకు ఒకటే తలుపు, కిటికీలు లేవు. ఇంక నా బతుకు ఈ తలుపు లోపలే అనుకున్నాను. ఏడుపు కూడా రాలేదు.

పదో రోజు ముళ్లకంప దగ్గర స్కూటీ ఆగింది. మా క్లాసు లీడరు చెప్తే తెలిసి మేడం వచ్చారు. కాపలావాళ్లు లోపలికి రానివ్వలేదు. అమ్మను పిలిపించారు. కంపకు అవతల ఆవిడ, ఇవతల అమ్మ, అమ్మ వెనక నేను.

"కెమెరా పెట్టమన్నది నేను. తప్పు నాదమ్మా" అన్నారు మేడం. "ఆ ఫొటో తీసినోళ్ల ఇంటికి పోయి ఫోనులోంచి చెరిపించేసినాను. అది చేరినోళ్లందరికీ ఫోన్లు చేసి చెరిపేయమని చెప్పినాను."

"మాది ఒకటే గది మేడం. మీకు తెలవదా?" అంది అమ్మ.

"తెలవదు. నేను అడగలేదు."

ఆవిడే మళ్లీ గొంతు తగ్గించి అన్నారు. "నేను పాఠం చెప్పేది ఎక్కడనుకున్నావు? బాత్రూములో, బకెట్టు బోర్లించుకొని కూర్చొని. మా ఆయనకు పక్షవాతం. హాల్లోనే మంచం. నేను కనపడితే చాలు, పిలస్తానే ఉంటాడు. తలుపు వేసుకునేదానికి ఉండేది అదొక్కటే."

అమ్మ ఆవిడను కొత్తగా చూసింది. "ఎండలో నిలబడుండారు. నీళ్లు తాగతారా?" అని చెంబు తెచ్చి కంప మీదుగా అందించింది. ముల్లు గీరుకొని అమ్మ మోచేతి మీద రక్తం వచ్చింది. "పాపను మళ్లీ క్లాసులో కూర్చోబెడతాలెండి. ముఖం మాత్రం అడగబాకండి."

"అడగనమ్మా."

మళ్లీ ఎవరినీ అడగలేదు. ఆ వారం నుంచి పాఠాన్ని చిన్న చిన్న ముక్కలుగా గొంతు రికార్డు చేసి పంపడం మొదలుపెట్టారు. షెల్టరు మీదికి ఒకసారి ఎక్కి ఫోనులోకి దించుకుంటే, ఫోను దొరికినప్పుడు వినొచ్చు. కిరణజన్య సంయోగక్రియ నేను పొయ్యి ముందు నేర్చుకున్నాను. ఒక రికార్డులో మధ్యలో వాళ్లాయన కేక వినిపించింది. "ఒక్క నిమిషం" అని ఆవిడ లేచి వెళ్లారు. ఆపడం మరిచిపోయారు. చాలాసేపు కొళాయి బొట్లు పడుతున్న చప్పుడే. తలుపు మూసిన చప్పుడయ్యాక, ఆయాసంతో, "ఆఁ, ఎక్కడున్నాం మనం?" అన్నారు. దాన్ని కోసేసి మళ్లీ చెప్పేంత తీరిక ఆవిడకు లేదు కాబోలు, అలాగే పంపారు. అందులో పాఠం కన్నా ఆ చప్పుడే నాకు ఎక్కువ గుర్తుంది. ఇరుక్కుపోయింది నేనొక్కదాన్నే కాదని అప్పుడు తెలిసింది.

పదో తరగతి గట్టెక్కాను. ఇవాళ ఈ తెల్ల కోటు వేసుకున్నానంటే ఆ కంప దగ్గరికి ఆవిడ వచ్చినందుకే. ఆ మాట ఆవిడతో ఎన్నడూ అనలేదు.

కరోనా తగ్గి బడి మళ్లీ తెరిచిన రోజు మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలందరం కొళాయి దగ్గర చేరి, ఒకరి మీద ఒకరం నీళ్లు చిమ్ముకుంటూ గోలగోలగా అరుస్తున్నాం. ఆటల సారు ఈల నోట్లో పెట్టుకొని వచ్చారు. వరండాలో ఉన్న మేడం చెయ్యి అడ్డం పెట్టారు.

"ఊదబాకండి సార్. అరవనీండి."

ఆయన వెళ్లిపోయారు. ఆవిడ స్తంభానికి ఆనుకొని, కళ్లు మూసుకొని, అన్నం డబ్బా మూత కూడా తీయకుండా, మా అరుపులు వింటూ నిలబడ్డారు.