కనకరత్నం కోసం ప్రార్థన

మా మేనత్త పోయిన ఆదివారం ప్రభువునందు నిద్రించింది. చర్చికి కట్టుకుందామని తీసిపెట్టుకున్న చీర మంచం మీద అలాగే ఉంది.

విజయవాడ వన్ టౌన్‌లో గోడౌన్ల సందులో ఆవిడ ఇల్లు. మంగళవారాలు అక్కడ స్త్రీల కూటం జరిగేది. ఒకరు మోకాళ్ళ నొప్పులకి, ఒకరు కొడుకు ఉద్యోగానికి ప్రార్థించమనేవారు. ఒకసారి అత్త, కనకరత్నం అనే ఆమె తోడికోడలి వాటా కోసం దొంగ సంతకం పెట్టిందనీ, ఆమె కోసం ప్రార్థించమనీ అడిగింది. అందరూ కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ ప్రార్థించారు. అయ్యాక పాస్టరమ్మ గారు ఆ కనకరత్నం ఏ సందులో ఉంటుందని అడిగారు. టీవీలో ఉంటుందండీ అంది అత్త, టీ అందిస్తూ.

ఆ సీరియల్ రాసేది నేనే. అక్కడే కూర్చుని ఉన్నాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పాస్టరమ్మ గారికి కోపం వచ్చింది. "లేని మనిషి కోసం మోకరించామా అండీ?"

"మనిషి లేదండి. ఆ బుద్ధి మనలో ఎవరికీ లేదంటారా?" అంది అత్త.

తర్వాత గోడవార కూర్చున్న ఒకావిడ, చెల్లెలి గొలుసు తనే తీసి ఆ నింద పనిమనిషి మీద వేశానని చెప్పి, తన కోసమూ ప్రార్థించమంది. మంచివాళ్ళ కథలు ఎన్ని చూసినా ఆవిడ నోట రాని మాట అది. మర్నాడు అత్త ఆవిడను వెంటబెట్టుకుని ఆ పనిమనిషి ఇంటికి వెళ్ళింది. ఆ రోజు నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

తర్వాత కొన్నాళ్ళకి చానల్ వాళ్ళు కనకరత్నాన్ని వారంలో మంచిదాన్ని చేసెయ్యమన్నారు, కాదంటే ఇంకొకరితో రాయించుకుంటామన్నారు. భయమేసి అత్తకు ఫోన్ చేశాను.

"ఒక్క వారంలో మార్చెయ్యకే. దేవుడు నన్ను మార్చాడా వారంలో? ఇంకా పని నడుస్తానే ఉంది" అంది.

ఆ మాటే చానల్ మీటింగులో చెప్పాను. ముందు నవ్వారు. నవ్వాక ఒక్కొక్కరూ వాళ్ళ ఇళ్ళలోని కనకరత్నాల గురించి చెప్పుకోవడం మొదలుపెట్టారు. కనకరత్నం నిలిచింది, నా ఉద్యోగమూ నిలిచింది. ఇప్పటికీ రోజూ సాయంత్రం నిక్షేపంగా అబద్ధాలాడుతోంది, అప్పుడప్పుడు మాత్రం ఆ తోడికోడలి మొహం చూడలేక తల తిప్పుకుంటోంది.

మొన్న అత్త జ్ఞాపకార్థం పెట్టిన ఆదరణ కూటానికి ఇల్లు పట్టనంత జనం వచ్చారు. చివర్లో ప్రార్థన విన్నపాలు అడిగే వేళైంది. అప్పుడు పాస్టరమ్మ గారే కళ్ళు మూసుకున్నారు.

"ప్రభువా, మా కనకరత్నాన్ని కూడా జ్ఞాపకం చేసుకో."

అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది ఆ గొలుసావిడే. సందులో తోపుడుబండి నెట్టుకుపోతున్నతను ఆగి, లోపలికి తొంగిచూశాడు.