తట్టి చూసి తెచ్చిన హెల్మెట్

చాలా ఏళ్లుగా నేను ఒక బరువు మీద పడుకుంటున్నాను. నా మంచం కింద గోనెసంచిలో రెండు ముక్కలైన హెల్మెట్ ఉంది. ఎత్తి చూస్తే అది తేలికే. కానీ నడుం వాల్చిన ప్రతిసారీ అది నా వీపుకు తగులుతున్నట్టే ఉంటుంది.

నా పేరు రాయను. రాస్తే ఈ కాగితం చింపేస్తాను. మీరు నన్ను ఎరగరు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఒక్కటే అడుగుతాను. మధ్యలో నన్ను ఓదార్చకండి.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చక్రాల దగ్గర నా పని. చిన్న సుత్తితో చక్రాన్ని తట్టి వినాలి. బాగున్న చక్రం ఖంగుమంటుంది, ఆ మోత కాసేపు గాలిలో నిలుస్తుంది. పగులున్న చక్రం మూగగా పలుకుతుంది. కంటికి దొరకని పగులు చెవికి దొరుకుతుంది. దొరికితే సుద్దతో గుర్తు పెట్టి పక్కకు దొర్లించేస్తాం. ఎవరు బతిమాలినా అది బండి కిందికి పోదు. ఉద్యోగంలో నేను ఏనాడూ పగిలిన చక్రాన్ని వదల్లేదు. ఈ మాట గొప్పకు రాయడం లేదు. తెలియక చేశానని చెప్పుకోడానికి నాకు దారి లేదని మీకు తెలియాలి.

మా తెలుగు క్రైస్తవ సంఘం పూరీ గేట్ దగ్గర. మా తాతల నాడు రైలు పని కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన కుటుంబాలు. నేను ఆ సంఘంలోనే పుట్టాను, అక్కడే వాక్యం నేర్చుకున్నాను, పెద్దల్లో ఒకడినయ్యాను. మా సువార్తికుడు సత్యానందం అన్నయ్య. రక్తసంబంధం లేదు, అయినా నాకు అన్నయ్యే. పోలీసు కేంపు ఉన్న సాలువా చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లి పాడి, వాక్యం చెప్పి వచ్చేవాడు. పాటల పుస్తకం ఎప్పుడూ తెరిచేవాడు కాదు. ఎవరు ఏ పాట అడిగినా మొదటి చరణం నుంచి చివరిదాకా కళ్లు మూసుకుని పాడేవాడు. మొదట సైకిల్ మీద తిరిగేవాడు. తర్వాత రిటైరైన గార్డు ఒకాయన తన పాత మోటారు సైకిల్ ఇచ్చాడు. ఎనభైల చివర, ఒక తొలకరి వానలో అన్నయ్య జారి పడ్డాడు. మోచేయి దోక్కుపోయింది, అంతే. కానీ సంఘం భయపడింది. ఆయనకు హెల్మెట్, కోటు, చేతులకు గ్లౌజులు కొనాలని ప్రత్యేకంగా కానుక పట్టారు. అందరూ జీతాల మీద బతికేవాళ్లే. వచ్చింది కొంచెమే.

కొనే పని నాకిచ్చారు. "పగులు పట్టే సెయ్యి నీది. నువ్వే సూసి తే," అన్నారు పెద్దలు.

ఆ కొంచెంలో ఏం కొనాలో నాకు బాగా తెలుసు. బండి మీద పోయేవాడికి ముందు తల, తర్వాత చేతులు, ఒళ్లు ఆఖరున. కొత్త గట్టి హెల్మెట్‌కు చాలావరకు ఖర్చు పెట్టాలి. మిగిలినదానితో మందపాటి కాన్వాసు గుడ్డ తీసుకుని ఖరిదా బజారులో దర్జీ చేత కోటు కుట్టించాలి. భుజాల దగ్గర, మోచేతుల దగ్గర లోపల పాత కంబళి ముక్కలు రెండు మూడు పొరలు వేయించాలి. గ్లౌజులు వర్క్‌షాపులో వెల్డింగు వాళ్లు వాడే తోలువి దొరుకుతాయి. చూడ్డానికి మోటుగా ఉంటుంది. పడినప్పుడు పనికొస్తుంది. ఇంత లెక్క నా తలలో సిద్ధంగా ఉంది. మరి ఎందుకు తప్పాను?

ఆ వారంలోనే ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు కుటుంబం దేశం విడిచి పోతూ సామాను అమ్ముతోందని తెలిసి వెళ్లాను. అక్కడ కుర్చీ మీద వేలాడుతోంది, నల్లటి తోలు జాకెట్. బరువైనది, మెత్తనిది, లోపల గళ్ల అస్తరు. దాన్ని చూడగానే నాకు మోటారు సైకిల్ కనిపించలేదు. సాలువా రోడ్డు కనిపించలేదు. ఆదివారం కనిపించింది. అన్నయ్య దాన్ని వేసుకుని సంఘం ముందు నిలబడితే అందరూ "ఎవరు తెచ్చారు?" అని వెనక్కి తిరిగి నన్ను చూడటం కనిపించింది. ఊళ్లోని ఇంకో సంఘం వాళ్లు తమ సేవకుడికి గడియారం కొనిచ్చి ఏడాదిపాటు చెప్పుకున్నారు. మేం కాన్వాసు కోటు ఇచ్చామని చెప్పుకోవాలా? అలా అనుకున్నాను. సిగ్గులేకుండా అనుకున్నాను.

జాకెట్ కొన్నాక హెల్మెట్‌కు మిగిలింది దాదాపు ఏమీ లేదు. గ్లౌజుల మాట మరిచాను. ఖరిదాలో పాత స్పేర్ పార్టులు అమ్మే ఒక దుకాణంవాడు, వాడిన హెల్మెట్ చూపించాడు. నల్లరంగు కొత్తగా వేసి ఉంది. "ఏక్‌దమ్ ఠీక్ హై దాదా," అన్నాడు. నేను చేతిలోకి తీసుకున్నాను. నా చేయి అలవాటుగా తన పని తాను చేసింది. వేలి కణుపుతో చుట్టూ తట్టాను. కుడి చెవి పైన, ఒక జానెడు మేర, అది మూగగా పలికింది. రెండు బొటనవేళ్లతో నొక్కితే సన్నగా కిర్రుమంది. పగులులో లప్పం కూరి పైన రంగు వేశారు.

నాకు తెలిసింది. ఆ క్షణంలోనే తెలిసింది. డబ్బిచ్చి తెచ్చాను.

దారంతా ఒకటే అనుకున్నాను. ఆదివారంలోగా మా సంఘ కాపరి అయ్యగారికి చెప్పేస్తాను, కొన్నాళ్లు జాకెట్‌తో గడిపి హెల్మెట్ తర్వాత మంచిది కొందాం అంటాను. ప్రతి పొద్దూ రేపు చెబుదామనుకున్నాను. ఆదివారం వచ్చేసింది.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. కానుకతో కొన్న వస్తువును ముందు బల్ల దగ్గర పెట్టి, అయ్యగారు చేతులుంచి ప్రార్థిస్తారు. అలా ప్రార్థన పడిన దానికి తర్వాత ఎవరూ వంక పెట్టరు. చాప కొన్నా అంతే, గడియారం కొన్నా అంతే. దేవుని పేరు మీద ఇచ్చినదాన్ని చులకన చేసినట్టని మా పెద్దల భయం. అయ్యగారు హెల్మెట్ మీద చేయి పెట్టారు. ఆ చేయి సరిగ్గా పగులు మీద పడింది. "ప్రభువా, నీ సేవకుని శిరస్సును కాయుము" అని ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆ ఆమెన్‌తో తలుపు మూసుకుంది. లోపల నేనున్నాను.

అన్నయ్య జాకెట్ తొడుక్కోగానే ఆడవాళ్ల వైపు నవ్వులు లేచాయి. "ఏటి అన్నయ్యా, సువార్తకెళ్తన్నావా, పోలీసు కేంపుకెళ్తన్నావా?" అని ఒకామె. "సిన్మావోళ్లు ఎత్తుకెల్లిపోతారు, జాగర్త!" అని ఇంకొకామె. నేను కోరుకున్నట్టే అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు.

ఆయన భార్య కరుణమ్మ వదిన మాత్రం జాకెట్ వైపు చూడలేదు. హెల్మెట్ తీసుకుని అటూ ఇటూ తిప్పుతూ నా దగ్గరకు వచ్చింది.

"మరిదీ, ఇది గట్టిదేనా?"

"ఏటొదినా, అలగడుగుతావు?"

"నాకేటి తెలుస్తాది, నున్నగా ఉంది. నువ్వు సూసినావా?"

"తట్టి, సప్పుడు సూసే తెచ్చినాను."

"అయితే సాలు. నీ సెవి మీద నాకు నమ్మకం," అని నవ్వి వెళ్లిపోయింది.

నేనన్నదాంట్లో అబద్ధం ఎక్కడ? తట్టాను. విన్నాను. తెచ్చాను. ఒక్కో మాట విడదీసి చూస్తే అన్నీ నిజాలే. ఆ నిజాలతోనే నేను ఆవిడను మోసం చేశాను. ఇంత నేర్పుగా అబద్ధం చెప్పడం, ఏళ్ల తరబడి వాక్యం చదివినవాడికే వస్తుందేమో.

తర్వాత ఏం అనుకున్నానో కూడా చెప్పాలి. ప్రార్థన పడింది కదా, దేవుడు కాస్తాడు అనుకున్నాను. అది విశ్వాసమని నాకు నేనే చెప్పుకున్నాను. పగిలిన చక్రం మీద ప్రార్థన చేసి బండి కిందికి పంపుతానా నేను? పంపను. మరి అన్నయ్య తల చక్రం కన్నా తక్కువా?

ఆ ఏడాది వానలు తగ్గుముఖం పట్టాక, సాలువా రోడ్డులో మేక అడ్డం వచ్చి అన్నయ్య పడిపోయాడు. జాకెట్ తన పని తాను చేసింది. మోచేతులు, భుజాలు గీత పడలేదు. హెల్మెట్ కుడి చెవి పైనుంచి రెండుగా విడిపోయింది. చాలా రోజులు రైల్వే ఆసుపత్రిలో ఉన్నాడు. బతికాడు. కానీ మాట మధ్యలో మాట జారిపోయేది. పాట ఎత్తుకుంటే మొదటి చరణం దగ్గరే ఆగి, పక్కవాళ్ల ముఖాలు చూసేవాడు. పొద్దున జరిగింది సాయంత్రానికి ఉండేది కాదు. అంతకుముందు సంగతులు మాత్రం చెక్కుచెదరలేదు. జాకెట్, హెల్మెట్, ప్రార్థన, నేను. అవన్నీ ఉన్నాయి. సాలువా ఊళ్లకు ఆయన మళ్లీ వెళ్లలేదు.

ఆసుపత్రి వరండాలో ఎవరో ఆ రెండు ముక్కలూ తెచ్చి పెట్టారు. విరిగిన అంచులో లప్పం తెల్లగా గీతలా కనిపిస్తోంది. మా వర్క్‌షాపు వాడెవడు చూసినా తెలిసిపోతుంది. నేను వాటిని తువ్వాలులో చుట్టి, "నేను దాస్తాను" అన్నాను. అందరూ భక్తి అనుకున్నారు.

ఆ తర్వాత జరిగింది నేను ఊహించని శిక్ష. తల పగలకుండా దేవుడు హెల్మెట్‌ను పగలగొట్టాడని, పక్కవాళ్లు రోజూ చెప్పగా చెప్పగా, అన్నయ్య నమ్మాడు. సంఘమూ నమ్మింది. ఏటా కృతజ్ఞతా కూటంలో ఆయన లేచి సాక్ష్యం చెబుతాడు. "నా తమ్ముడు తెచ్చిన హెల్మెట్టే నన్ను బతికించింది," అని నా వైపు చెయ్యి చాపుతాడు. అందరూ స్తోత్రం అంటారు. నేను తల వంచుకుంటాను. దాన్ని వినయం అంటారు. లేచి కాదందామా అంటే, అప్పుడు ఆయనకు మిగిలిన ఒక్క కథా నేను లాక్కున్నవాడినవుతాను కదా? ఇది ఆయన మీద జాలా, నా మీద నాకున్న ప్రేమా? రెండింటినీ విడదీయలేకపోయాను. విడదీయడానికి ప్రయత్నించానా అని అడిగితే, అదీ లేదు.

పోయిన కూటంలో సాక్ష్యం మధ్యలో ఆయనకు మాట తప్పింది. నిలబడి కాసేపు వెతుక్కున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "తమ్ముడూ, మిగతాది నువ్వు సెప్పు," అన్నాడు. కరుణమ్మ వదిన నన్నే చూస్తోంది. లేచాను. చెప్పాను. దేవుడు హెల్మెట్‌ను పగలగొట్టి తలను కాచాడని నా నోటితో నేనే చెప్పాను.

ఇంటికి వచ్చి అన్నం తినలేకపోయాను. మర్నాడు, వదిన బజారుకు వెళ్లిన వేళ చూసి వాళ్ల ఇంటికి వెళ్లాను. అన్నయ్య వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. ఆయన కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పాను. తట్టాను, మూగగా పలికింది, తెలిసే కొన్నాను, జాకెట్ మోజులో కొన్నాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. కళ్లలో నీళ్లు నిండాయి. నా తల మీద చెయ్యి పెట్టాడు. "ప్రార్థన సేద్దాం తమ్ముడూ," అన్నాడు. మొదలుపెట్టాడు. కొంతదూరం నా కోసమే ప్రార్థించాడు. మధ్యలో ఆగాడు. మళ్లీ అందుకున్నప్పుడు, తనకు గట్టి హెల్మెట్ తెచ్చిన తమ్ముడి కోసం దేవునికి స్తోత్రాలు చెల్లిస్తున్నాడు.

ఆమెన్ అనలేదు నేను. అంతకు మించి ఏమీ చేయలేకపోయాను.

వదిన సంచితో వస్తుంటే లేచి వచ్చేశాను. అది కూడా రాయాలి. మరిచిపోయే మనిషికి చెప్పడం నాకు తేలికైంది. గుర్తుంచుకునే మనిషికి చెప్పలేకపోయాను. గట్టిదేనా అని ఆనాడు అడిగింది ఆవిడే. ఇన్నేళ్లూ ఆయనకు అన్నం తినిపిస్తున్నదీ, పాట తప్పినప్పుడు పక్కనుండి అందిస్తున్నదీ ఆవిడే. అందుకే ఇది మీకు రాస్తున్నాను. మీరు మరిచిపోరు. క్షమించమని అడగడం లేదు. క్షమించడం మీ చేతిలో లేదు. ఈ కాగితం పూర్తయ్యాక మంచం కింది సంచి తీసి, ఆ రెండు ముక్కలనూ పట్టుకుని ఆవిడ గుమ్మంలోకి వెళ్లగలనో లేదో నాకే తెలియదు. కానీ ఆవిడ ఆనాడు అడిగినదానికి జవాబు ఒక్కసారైనా నా చేతితో పూర్తిగా రాయాలి.

వదినా, తట్టి చూసినాను. సప్పుడు బాగోలేదు. తెలిసే తెచ్చినాను.